కాచ్‌కార్ కొండల్లో పల్లెలు తిరగాలంటే ఎక్కడ ఉండాలి? ఐదెర్, పోకుత్, బర్హాల్...

గోదారిగట్టు
అందరికీ నమస్తే. వచ్చే ఆగస్టులో నేనూ మా ఆవిడా టర్కీ వెళ్దామనుకుంటున్నాం. ఇస్తాంబుల్ గురించీ కప్పడోకియా బెలూన్ల గురించీ తెలుగులోనే బోలెడు వీడియోలున్నాయి, వాటి సంగతి వదిలేయండి. నాకు కావాల్సింది నల్ల సముద్రం తూర్పు మూల, జార్జియా సరిహద్దుకి దగ్గర్లో ఉండే కాచ్‌కార్ కొండలు. దీని గురించి తెలుగులో వెతికితే నాకు ఒక్క ముక్క దొరకలేదు.

ఒక ఏజెంటుని అడిగితే ప్లాన్ పంపాడు. మొదటి రోజు ట్రాబ్జోన్‌లో దిగి సుమేలా మఠం, రెండో రోజు ఉజున్‌గోల్ సరస్సు, మూడో రోజు పొద్దున ఐదెర్, సాయంత్రానికి మళ్లీ ఎయిర్‌పోర్టు. అంటే సగం ట్రిప్పు కారులోనే. మేం శిఖరాలెక్కే బాపతు కాదు గానీ రోజుకి నాలుగైదు గంటలు నడుస్తాం. పల్లెలు, పాత ఇళ్లు, అడవి, అక్కడి మనుషులు, అవి చూడాలని మా కోరిక. మా ఆవిడ పూర్తి శాకాహారి. ఎక్కడ బస చెయ్యాలి, ఏది వదిలెయ్యాలి, వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు రైడర్
ఆ ఏజెంటు కాగితం చింపెయ్ అన్నా. మేం బైకుల మీద ఆ కోస్తా రోడ్డంతా తిరిగినం. ఉజున్‌గోల్ ఒకప్పుడు బాగుండేదేమో, ఇప్పుడైతే సరస్సు చుట్టూ సిమెంటు గోడ, గోడ చుట్టూ హోటళ్లు, హోటళ్ల చుట్టూ పార్కింగ్. ఫోటోలో గోడ కనబడకుండ తీస్తరు, అంతే. దాన్ని కొట్టెయ్, ఒక రోజు మిగుల్తది.

కడప టు కువైట్
ఉజున్‌గోల్‌ని అంత తీసిపారేయద్దు బ్రదర్. నేను కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవర్ని. ఎండాకాలం వచ్చిందంటే ఇక్కడి కుటుంబాలు చానా వరకు ట్రాబ్జోన్‌లో దిగుతాయి. మా కఫీల్ (యజమాని) వాళ్లు ఒక ఏడు నన్నూ వంటమనిషినీ కూడా ఎంటబెట్టుకుని పోయినారు. యాభై డిగ్రీల్లోంచి పోయి ఆ వానలో, ఆ చలిలో నిలబడితే ఎట్లుంటుందో మీకు తెలీదు. పిల్లోళ్లు గొడుగు కూడా వద్దని వానలో తిరిగేవాళ్లు. అక్కడ బోర్డులు, మెనూలు అన్నీ అరబ్బీలోనే. నాకు టర్కీ భాష ఒక్క ముక్క రాదు, అయినా ఎక్కడా ఇబ్బంది పడలా. కాకపోతే పల్లెటూరు కావాలంటే మాత్రం అది కాదులే, నిజమే.

మంచుతెర
గోదారిగట్టు గారూ, నేను జర్మనీలో ఉంటాను, మా ఆఫీసులో పనిచేసే ఒకావిడది రిజే దగ్గర ఊరు. ఆవిడ పుణ్యమా అని ఆ వైపు ఒకటికి రెండుసార్లు వెళ్లడం కుదిరింది. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మ్యాప్ తెరిచి ఒక్క విషయం చూడండి. కాచ్‌కార్ శ్రేణి సముద్రానికి సమాంతరంగా గోడలా నిలబడి ఉంటుంది. పెద్ద శిఖరం 3,937 మీటర్లు, అక్కణ్నుంచి సముద్రం చాలా దగ్గర. సముద్రం మీద నుంచి వచ్చే తేమంతా ఉత్తరం వైపు కొట్టుకుని అక్కడే కురిసేస్తుంది. అందుకే టర్కీలో అన్నిటికంటే ఎక్కువ వాన రిజే జిల్లాలోనే, ఏడాదికి రెండువేల మిల్లీమీటర్ల పైమాటే. తేయాకు తోటలు, చెస్ట్‌నట్ చెట్లు, నాచు పట్టిన రాళ్లు, కాలు పెడితే జారే మెట్లు. అదే గోడ దాటి దక్షిణానికి దిగితే యూసుఫెలి వైపు ఎండు కొండలు, ఆలివ్ చెట్లు, వరి మళ్లు కూడా ఉన్నాయి. రెండు వైపులా రెండు వేరే దేశాలు అనుకోండి. ఉన్న వారం పది రోజుల్లో మొత్తం చుట్టేద్దామని కాకుండా ఉత్తరాన ఒక లోయ, దక్షిణాన ఒక లోయ పట్టుకుంటే చాలు.

ఉత్తరాన నా ఓటు ఫిర్తినా లోయకి. ఆర్దెషెన్ దగ్గర సముద్రపు ఒడ్డు వదిలి పైకి వెళ్తే చామ్లిహెమ్‌షిన్ అని చిన్న టౌను, ఏటి మీద వేలాడుతున్నట్టు ఉంటుంది. అక్కడ లోయ రెండుగా చీలుతుంది. ఒక పాయ ఐదెర్‌కి, ఇంకోటి షెన్‌యువా మీదుగా జిల్‌కాలె కోటకి, పాలోవిత్ జలపాతానికి, ఇంకా పై ఊళ్లకి. అందరూ మొదటి దారి పడతారు. మీరు రెండో దారిలో బస చెయ్యండి.

ఐదెర్ 1,350 మీటర్ల ఎత్తులో ఉంటుంది, వేడినీటి ఊట ఉంది, చుట్టూ అడవి బ్రహ్మాండం. కానీ శని ఆదివారాల్లో కార్ల వరస కదలదు, గడ్డి మైదానం నిండా మనుషులే. దాన్ని దాటి పైన కావ్‌రున్‌కి వెళ్లడానికి మాత్రం పనికొస్తుంది. కావ్‌రున్ రెండువేల మీటర్ల పైన రాతి ఇళ్ల ఊరు, అక్కణ్నుంచి హిమానీనదాలు తవ్విన చిన్న చిన్న సరస్సులకి నడక దారులు మొదలవుతాయి, మీలాంటి వాళ్లకి సరిగ్గా సరిపోతాయి.

పోకుత్‌లో ఒకటి రెండు రాత్రులు ఉండండి. దాన్ని యాయ్లా అంటారు, వేసవిలో పశువుల్ని తోలుకెళ్లి ఉండే ఎత్తు పచ్చిక. చామ్లిహెమ్‌షిన్ నుంచి జీపులో వెళ్లాలి, దారి నడుము విరగ్గొడుతుంది. చెక్క ఇళ్లలో గదులిస్తారు. తెల్లారి లేస్తే కాళ్ల కింద మేఘాలు పరుచుకుని ఉంటాయి, మధ్యాహ్నమయ్యేసరికి అదే మబ్బు పాలు పొంగినట్టు పైకొచ్చి ఊరిని మింగేస్తుంది, పక్కింటి గోడ కూడా కనబడదు. కాబట్టి నడకలన్నీ పొద్దున్నే. మధ్యాహ్నం మూడింటికి కొత్త దారి మొదలుపెట్టొద్దు.

గోదారిగట్టు
మంచుతెర గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్సండీ. పాత ఇళ్లు అన్నాను కదా, ఆ లోయలో ఏమన్నా మిగిలి ఉన్నాయా, లేక అంతా హోటళ్ల కోసం కొత్తగా కట్టినవేనా?

మంచుతెర
ఉన్నాయి. చామ్లిహెమ్‌షిన్ పైన కొనాక్లార్ అని ఊరుంది, పాత పేరు మక్రెవిస్. కొండ వాలు మీద రెండు మూడు అంతస్తుల భవంతులు కనిపిస్తాయి. ఇంత మారుమూల ఇంత డబ్బెక్కడిది అనిపిస్తుంది. ఈ హెమ్‌షిన్ ఊళ్ల మగవాళ్లు జార్ల కాలంలో రష్యా నగరాలకి వలసపోయి బేకరీలు, మిఠాయి దుకాణాలు నడిపారు. అక్కడ సంపాదించింది ఇక్కడ ఇళ్లు కట్టడానికి పంపారు. 1917 విప్లవంతో ఆ రాబడి తెగిపోయింది. ఇప్పటికీ టర్కీ నగరాల్లో బేకరీ, పేస్ట్రీ షాపు యజమానిని అడిగితే మాది హెమ్‌షిన్ అనే వాళ్లు తగులుతుంటారు.

మామూలు ఇళ్ల గోడల్ని దగ్గర్నుంచి చూడండి. చెస్ట్‌నట్ చెక్కతో ముందు గళ్లు గళ్లుగా చట్రం కడతారు, ఒక్కో గడి జానెడు ఉంటుంది. ప్రతి గడిలో ఏటి నుంచి తెచ్చిన రాయిని ఆ కొలతకి చెక్కి ఇరికించి, సందుల్లో సున్నం పూస్తారు. నేనున్న ఇంట్లో ఒక గడిలో రాయి ఊడిపోతే ఇంటావిడ అందులో దువ్వెనా, కళ్లజోడూ పెట్టుకుంది. ఇంటి పక్కనే నాలుగు నిలువు దుంగల మీద ఎత్తుగా ఒక చెక్క గది ఉంటుంది, సెరెందెర్ అంటారు, మొక్కజొన్న దాచుకునే గరిసె. ఆ దుంగల తలల దగ్గర గుండ్రటి చెక్క పళ్లాలు బిగిస్తారు, ఎలుక ఎక్కినా పళ్లెం అడ్డొచ్చి కింద పడాలి. నిచ్చెన మాత్రం తీసేసే రకం.

ఇంకోటి, లోయకి అడ్డంగా తీగల మీద చెక్క పెట్టెలు వేలాడుతూ పోతుంటాయి. సామాన్లు, తేయాకు మూటలు పైకీ కిందకీ పంపుకునే ఏర్పాటు. ఎక్కి ఫోటో దిగాలని సరదా పడకండి, అది మనుషుల కోసం కాదు.

చిటపట
2025 మేలో భారత్-పాక్ గొడవలో పాకిస్తాన్ పక్కన నిలబడ్డాక కూడా టర్కీకేనా? మనవాళ్లు ఎంతమంది టికెట్లు రద్దు చేసుకున్నారు. అదే డబ్బు పక్కనున్న జార్జియాలో పెట్టుకోండి, అక్కడా కొండలే.

నిర్వాహకుడు
చిటపట గారూ, వెళ్లాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వారిది, దాని మీద వేరే చర్చ ఇప్పటికే నడుస్తోంది, మీ అభిప్రాయం అక్కడ రాయండి. ఇక్కడ కొండల గురించే మాట్లాడుకుందాం.

రాళ్లూరప్పలూ
చిటపట గారి మాటలో ఒక ముక్క మాత్రం పనికొచ్చేదే. ఆ జార్జియా సరిహద్దు అక్కడి మనుషులకి కొత్తది. బోర్చ్‌కా పైన మాజహెల్ అని లోయ ఉంది. పద్దెనిమిది ఊళ్ల లోయ, 1921లో గీత గీస్తే ఆరు టర్కీలో, పన్నెండు జార్జియాలో పడ్డాయి. టర్కీ వైపు ఊళ్లలో కూడా ఇళ్లలో జార్జియన్ మాట్లాడతారు. చెక్క మసీదుల లోపల రంగుల పూలు, తీగలు చెక్కి ఉంటాయి. 2005లో యునెస్కో దీన్ని జీవావరణ రిజర్వుగా గుర్తించింది, టర్కీలో అదే మొదటిది. కాకేసియన్ తేనెటీగ జాతి కల్తీ లేకుండా మిగిలింది ఇక్కడేనని బయటి తేనెటీగల్ని రానివ్వరు. చలికాలంలో మంచు పడితే కనుమ మూసుకుపోతుంది. ఆగస్టులో కాబట్టి మీకు ఇబ్బంది లేదు.

ఇక దక్షిణం వైపు సంగతి. పాత కట్టడాలు అన్నారు కాబట్టి నేను ఊరుకోలేను. యూసుఫెలి చుట్టుపక్కల లోయల్లో పదో శతాబ్దపు జార్జియన్ చర్చిలు ఉన్నాయి. బర్హాల్ ఊళ్లో ఒకటి, అది మసీదుగా వాడుకలో ఉంది, బహుశా అందుకే పైకప్పుతో సహా నిలబడి ఉంది. ఎర్జురుమ్ వైపు వెళ్తే ఓష్క్ ఊళ్లో బ్రహ్మాండమైనది. ఇష్హాన్ కొండ మీద ఇంకోటి. తెక్కలె దగ్గర చెట్ల మధ్య దోర్త్‌కిలిసె, దాన్ని చూసే నాథుడు లేడు, ఒంటరిగా పడి ఉంది. నా లెక్కలో అన్నిట్లోకీ అదే గొప్పది. సుమేలాకి బస్సులు పోతాయి, వీటికి పోవు. తేడా అంతే.

ఈ ప్రాంతానికి వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. పాత యూసుఫెలి ఊరు ఇప్పుడు లేదు. చోరుహ్ నది మీద 275 మీటర్ల ఎత్తు ఆనకట్ట కట్టారు, 2022 నవంబరులో నీళ్లు నింపడం మొదలుపెట్టారు, టౌను మొత్తం మునిగింది. జనాన్ని పై కొండ మీద కొత్త టౌనుకి తరలించారు, సమాధుల్ని కూడా తవ్వి తీసుకెళ్లారు. 1993లో ప్రపంచ రాఫ్టింగ్ పోటీలు జరిగిన నది అది, ఆ ఉరవళ్లలో చాలా భాగం ఇప్పుడు నిలవ నీరు. మాది నంద్యాల జిల్లా. శ్రీశైలం వెనక నీళ్లలో సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో బయటపడితే వెళ్లి దండం పెట్టుకుని వచ్చేవాళ్లం, కూడలి సంగమేశ్వరాలయాన్నయితే రాయి రాయి ఊడదీసి అలంపురంలో మళ్లీ కట్టారు. అందుకని ఆ కొత్త యూసుఫెలిలో టీ కొట్టు ముందు కూర్చున్న ముసలాళ్లు కిందున్న నీళ్లని చూపించి మా ఇల్లు అదిగో అక్కడ అంటే, నాకు అనువాదం అవసరం పడలేదు.

కాబట్టి పాత గైడు పుస్తకాలు, పాత బ్లాగులు, వాటిలోని రోడ్డు మ్యాపులు ఏవీ నమ్మకండి. కొత్త రోడ్లన్నీ సొరంగాలు, వంతెనలు. నది పక్కన పోయే పాత రోడ్డు నీళ్లలో ఉంది.

ఓరుగల్లు రైడర్
సొరంగాల సంగతి కరెక్టే. పైన ఓవిత్ సొరంగం కూడా ఉంది, 14 కిలోమీటర్ల పైనే. రిజే వైపు వానలో తడుసుకుంట లోపలికి పోయినం, ఇస్పిర్ వైపు బయటికొస్తే ఎండ మండుతున్నది. మంచుతెర అక్క చెప్పిన గోడ ముచ్చట అక్కడ తెలుస్తది.

కారు అద్దెకు తీస్కుంటే ఒక్క మాట. మాకు దొరికిన కారు టైర్లు నున్నగ అరిగిపోయి ఉన్నయి, తీసేటప్పుడు చూస్కోలేదంటే కొండ మీద వానలో చుక్కలు కనబడతయి. గీతలన్నీ ముందే వీడియో తీసి పెట్టుకోండి, మా దగ్గర లేని గీతకు పైసలు గుంజిన్రు.

గోదారిగట్టు
కారు అసలు తప్పనిసరా? నాకు కుడి వైపు డ్రైవింగ్ అంటేనే టెన్షన్.

మంచుతెర
ఫిర్తినా లోయ వరకూ అక్కర్లేదు. రిజే అర్త్విన్ ఎయిర్‌పోర్టు 2022లో తెరిచారు, సముద్రం పూడ్చి కట్టారు, కంట్రోల్ టవర్‌ని టీ గ్లాసు ఆకారంలో పెట్టారు (రిజే వాళ్లు ఇంకేం పెడతారు లెండి). అక్కణ్నుంచి పజార్ గానీ ఆర్దెషెన్ గానీ చేరితే చామ్లిహెమ్‌షిన్‌కి, ఐదెర్‌కి డోల్ముష్‌లు ఉంటాయి, మన షేర్ ఆటోల పద్ధతే, నిండితే కదులుతుంది. సాయంత్రం ఆలస్యమైతే దొరకదు. దక్షిణం వైపు మాత్రం కారు లేకపోతే చాలా కష్టం, ఊరి మినీబస్సు రోజుకి ఒకటో రెండో.

నడిచి కూడా అటు దాటొచ్చు. కావ్‌రున్ వైపు నుంచి కనుమ ఎక్కి దక్షిణాన యాయ్లలార్ ఊరికి దిగే దారి ఉంది, పశువుల కాపర్లు తిరిగేదే. కానీ మూడు వేల మీటర్ల పైకి ఎక్కాలి, పొగమంచులో దారి తప్పుతుంది, స్థానిక గైడు లేకుండా వద్దు. శిఖరం ఎక్కే వాళ్లు సాధారణంగా దక్షిణం నుంచే, ఓల్గున్లర్‌లో మొదలుపెట్టి దిల్బెర్‌దూజు క్యాంపులో పడుకుని ఎక్కుతారు. మీరు దిల్బెర్‌దూజు దాకా వెళ్లి వెనక్కి వచ్చినా చాలు, ఆ నడకే బాగుంటుంది.

కుక్కల సంగతి మర్చిపోయాను. మందల దగ్గర పెద్ద కాపలా కుక్కలుంటాయి, మెడకి మేకుల పట్టీ కట్టి ఉంటుంది. పరిగెత్తొద్దు, రాయి విసరొద్దు. ఆగి కాపరిని కేకేయండి, వాడొచ్చి పిలుచుకుంటాడు.

కడప టు కువైట్
వదిన గారి తిండి సంగతి నేను చెప్తా. ముహ్లామా అడగండి. వెన్న కరగబెట్టి మొక్కజొన్న పిండి వేయించి, నీళ్లు పోసి ఉడికినాక చీజ్ వేస్తారు, రాగి పెనం తోనే టేబుల్ మీద పెడతారు. రొట్టె ముంచి లాగితే తీగ మూరెడు సాగుతాది. వెన్న మాత్రం పైకి తేలుతుంటాది, రెండోరోజు తినాలంటే ఆలోచించాల. ఊరబెట్టిన చిక్కుడుకాయల్ని వేయించి పెట్టేదొకటి ఉంటాది, పులుపు మనకు నచ్చుతాది. మొక్కజొన్న రొట్టె ఉంది. నల్ల గోబీ ఆకు సూపుల్లో మాంసం ముక్కలు గానీ ఎముకల రసం గానీ వేసేదుంది, అడిగే తీసుకోండి. కారం మాత్రం ఉండదు. మేం ఉల్లికారం సీసా ఎత్తుకపోయినాం, అదే కాపాడింది.

మంచుతెర
కారం సీసా మోసుకెళ్లే విషయంలో నేనూ అంతే. ఇంకా లాజ్ బోరెక్ అని ఉంది, బోరెక్ అంటే మామూలుగా ఉప్పటి పేస్ట్రీ, ఇది మాత్రం తీపి. పల్చటి పొరల మధ్య పాల మీగడ లాంటి కస్టర్డ్, అందులో కాస్త మిరియాల పొడి. దాంతో పాటు టీ.

టీ గురించి ఒక్క నిమిషం. రిజేలో తేయాకు పాత పంట కాదు. 1924లో చట్టం చేసి మొదలుపెట్టారు, విత్తనాలు జార్జియాలోని బాతుమి నుంచి వచ్చాయి, మొదటి ఫ్యాక్టరీ 1947లో. ఇవాళ అక్కడ ఇంటి వెనక రెండు గజాల జాగా ఉన్నా తేయాకే. కోసేది చేత్తో కాదు, కత్తెరకి గుడ్డ సంచి కట్టి ఉంటుంది, కత్తిరిస్తే ఆకు నేరుగా సంచిలో పడుతుంది. మే నుంచి మూడు కోతలు. వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే నిలబడ్డానికే నాకు ఒక చెయ్యి పొద పట్టుకోవాల్సొచ్చింది, అరవై దాటిన ఆడవాళ్లు వీపు మీద మూట వేసుకుని చకచకా దిగిపోతున్నారు. పాలు అడక్కండి, పాపం వాళ్లు తికమకపడతారు. గ్లాసు మీద చెంచా అడ్డంగా పెడితేనే చాలు అని అర్థం, లేకపోతే పోస్తూనే ఉంటారు.

డా. తులసికోట
తేనె గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఆ కొండల్లో ఊదా రంగు రోడోడెండ్రాన్ పొదలు విపరీతం. వాటి మకరందంలో గ్రయానోటాక్సిన్ అనే విషం ఉంటుంది. ఆ పూల మీద వాలిన ఈగల తేనెని దెలి బాల్, అంటే పిచ్చి తేనె అని అమ్ముతారు. ఊరివాళ్లు మందనుకుని అర చెంచా తింటారు. ఎక్కువైతే బీపీ, గుండె వేగం రెండూ పడిపోతాయి, కళ్లు తిరుగుతాయి, వాంతులవుతాయి. టర్కీ ఆసుపత్రుల్లో ఇలాంటి కేసులు వస్తూనే ఉంటాయి, సాధారణంగా ఒకరోజులో కోలుకుంటారు. బీపీకి, గుండెకి మందులు వాడేవాళ్లు రుచి కూడా చూడొద్దు.

దీనికి పాత చరిత్ర ఉంది. క్రీ.పూ. 401లో గ్రీకు సేనతో ఈ కొండలు దాటిన జెనోఫోన్ తన రాతల్లో చెప్పాడు, ట్రాబ్జోన్ దగ్గర సైనికులు తేనెపట్లు తిని నిలబడలేక నేల మీద పడిపోయారని, మూడో నాలుగో రోజుకి లేచారని.

మామూలు తేనె కావాలంటే చెస్ట్‌నట్ పూల తేనె కొనండి, కాస్త చేదు, రంగు ముదురు. అన్జెర్ అనే యాయ్లా నుంచి వచ్చే తేనె ఖరీదు వింటే గుండె వేగం అదే పెరుగుతుంది.

రాళ్లూరప్పలూ
డాక్టరు గారూ 😄

తేనె అంటే గుర్తొచ్చింది, అడవిలో నడిచేటప్పుడు తల పైకెత్తి చూడండి. ఎత్తైన చెట్ల కొమ్మల మీద తొలిచిన దుంగలు అడ్డంగా పెట్టి ఉంటాయి. అవి తేనెపెట్టెలు. ఎలుగుబంట్లకి అందకుండా అంత పైన పెడతారు, కొన్ని చోట్ల కింద మానుకి రేకు కూడా చుడతారు.

ఓరుగల్లు రైడర్
ఒకటి అడుగుత. అందరు పోకుత్ రోడ్డు ఖరాబుంది అంటరు, పైన కొత్త రోడ్లు వేస్తే అడవి పాయె అంటరు. రోడ్డు లేకుంటే మనం ఎట్ల పోతం? ఊరోళ్లు దవాఖానకు ఎట్ల పోవాలె?

మంచుతెర
మంచి ప్రశ్న. ఊరికి ఒక రోడ్డు ఉండొద్దని అక్కడెవరూ అనలేదు. గొడవ యెషిల్ యోల్ మీద, అంటే పచ్చదారి అని పేరు పెట్టి ఎనిమిది జిల్లాల యాయ్లాలన్నిటినీ పై నుంచే కలుపుతూ దాదాపు 2,600 కిలోమీటర్లు వెయ్యాలన్న ప్రాజెక్టు మీద. 2015లో చామ్లిహెమ్‌షిన్ పైన సామిస్తాల్ యాయ్లాకి యంత్రాలు వస్తే ఊరి ఆడవాళ్లు అడ్డం కూర్చున్నారు. హవ్వా అన అని దేశమంతా పేరు తెలిసిన ఒక పెద్దావిడ కర్ర పట్టుకుని నిలబడి, రాజ్యమంటే ఎవరు, మేముంటేనే కదా రాజ్యం అని అడిగింది. ఆ వీడియో టర్కీలో అందరూ చూశారు. 2021లో ఇకిజ్‌దెరెలో రాతి క్వారీ దగ్గర కూడా ఇలాగే ఆడవాళ్లే ముందున్నారు.

మా ఆఫీసులో ఆవిడ మాత్రం రెండు మాటలూ చెబుతుంది. వాళ్ల నాన్నకి గుండెనొప్పి వస్తే రోడ్డు ఉండబట్టే బతికారట. అదే రోడ్డు మీద బుల్‌డోజరు వచ్చి పక్కింటి పచ్చికలో మూడంతస్తుల హోటలు లేపిందట. నాకూ దీనికి సమాధానం దొరకలేదు. కాకపోతే నా వరకు నేను పెట్టుకున్న పద్ధతి, ఊరివాళ్ల ఇళ్లలోనే దిగుతాను, కొత్త కాంక్రీటు హోటలు ఎంత చవకైనా దిగను.

ఓరుగల్లు రైడర్
ఈ మాట ఒప్పుకుంట.

చిటపట
నేనూ ఒప్పుకుంటా. మా అరకులో జరుగుతున్నదీ ఇదే.

గోదారిగట్టు
ఆగస్టు కదా, పండగలేమైనా ఉంటాయా? తిత్తి లాంటి వాయిద్యం ఊదుతూ చుట్టూ గుండ్రంగా ఆడే వీడియో ఒకటి చూశాను, అది ఎక్కడ?

మంచుతెర
అది తులుమ్, మేకతోలు తిత్తి. ఆ ఆట హోరోన్. జులై చివర నుంచి ఆగస్టులో హెమ్‌షిన్ యాయ్లాల్లో వార్తెవోర్ అని పండగ చేసుకుంటారు. తేదీలు ఊరిని బట్టి మారతాయి, బస చేసే ఇంట్లో అడగడమే మార్గం. ఎక్కడెక్కడో నగరాల్లో ఉన్న వాళ్లంతా ఆ వారం ఊరికి చేరతారు. రంగు రంగుల అంచు రుమాలు తలకి చుట్టుకున్న ఆడవాళ్లు చిటికెన వేళ్లు పట్టుకుని గంటల తరబడి ఆడతారు. మిమ్మల్ని లాగితే వెళ్లండి, అడుగు తప్పినా ఎవరూ ఏమనరు. నడి వలయంలోకి ఫోన్ పట్టుకుని దూరిపోవడం మాత్రం వద్దు, అది వాళ్ల ఇంటి పండగ.

హెమ్‌షిన్ వాళ్లు వేరు, కోస్తా వైపు లాజ్ వాళ్లు వేరు, ఇది గుర్తుపెట్టుకోండి. లాజ్ భాష జార్జియన్ కుటుంబానిది. హోపా వైపు హెమ్‌షిన్ వాళ్లు ఇళ్లలో మాట్లాడేది ఆర్మేనియన్ యాస. మీరు ఆర్మేనియన్లా అని మొహం మీద అడగొద్దు, కొందరికి ఆ మాట ఇబ్బంది. వాళ్లే చెప్తే వినండి.

రాళ్లూరప్పలూ
ఈలల భాష ఊరు అని కూడా ఎవరో ఒకరు మీకు చెబుతారు. కుష్‌కోయ్, లోయ ఇటు గట్టు నుంచి అటు గట్టుకి ఈలతోనే కబుర్లు చెప్పుకుంటారు. 2017లో యునెస్కో తక్షణం కాపాడాల్సిన వారసత్వం జాబితాలో పెట్టింది. కానీ అది గిరెసున్‌లో, ట్రాబ్జోన్‌కి పడమర. మీరు వెళ్లేది తూర్పుకి. ఈసారికి వదిలేయండి.

సుమేలా మాత్రం వదలొద్దు. రద్దీ ఉన్నా సరే. రాళ్లు పడుతున్నాయని 2015లో మూసేసి, కొండకి వలలు, ఇనుప తాళ్లు కట్టి విడతలుగా తెరిచారు. 1923లో గ్రీస్, టర్కీల మధ్య జరిగిన జనాభా మార్పిడిలో గ్రీకులు వెళ్లిపోయాక పాడుబడింది, 2010 ఆగస్టు 15న 88 ఏళ్ల తర్వాత మళ్లీ ప్రార్థన జరిగింది. లోపల గోడల మీది బొమ్మల్లో కింది వరస చూస్తే కడుపు తరుక్కుపోతుంది, చెయ్యి అందినంత మేరా కళ్లు గీకేసి, పేర్లు చెక్కి ఉన్నాయి. చెయ్యి అందని పైభాగం మాత్రం బాగుంది. తెరవగానే లోపలుండేలా వెళ్లండి, బస్సులు ఆ తర్వాతే వస్తాయి.

గోదారిగట్టు
అందరికీ పేరు పేరునా ధన్యవాదాలు. ఇప్పటికి ఇలా అనుకుంటున్నాం. ట్రాబ్జోన్‌లో దిగి సుమేలా, అక్కణ్నుంచి బస్సులో ఆర్దెషెన్, షెన్‌యువాలో ఊరివాళ్ల ఇంట్లో బస, మధ్యలో పోకుత్. తర్వాత డ్రైవరుతో కారు మాట్లాడుకుని బర్హాల్. ఉజున్‌గోల్, మాజహెల్ ఈసారికి లేవు (కడప అన్నా, కోప్పడకండి). వీసా సంగతి ఒక్కటి చెప్పండి, మాకు అమెరికా విజిట్ వీసా ఇంకా చెల్లుతోంది.

మంచుతెర
చెల్లే అమెరికా, బ్రిటన్, షెంగెన్ లేదా ఐర్లాండ్ వీసా ఉంటే ఈ-వీసాకి అవకాశం ఉంటుంది, లేనివాళ్లు స్టికర్ వీసాకి పెట్టుకోవాలి. నిబంధనలు మారుతుంటాయి, డబ్బు కట్టే ముందు ప్రభుత్వ సైటు మాత్రమే చూడండి, అదే పేరుతో ఎక్కువ రుసుము గుంజే సైట్లు చాలా ఉన్నాయి.

ప్లాన్ బాగుంది. బర్హాల్‌కి వెళ్లే రోజు ముందు రాత్రి గట్టిగా వాన కురిస్తే పొద్దున్నే బయల్దేరకండి, కొండచరియలు పడుతుంటాయి, రోడ్డు తెరిచారో లేదో డ్రైవరుతో ఫోన్ చేయించి కదలండి.

కడప టు కువైట్
కోపమేం లేదులే. లీరా రేటు మాత్రం పాత వీడియోల్లో చూసి లెక్కలేసుకోవద్దు, ధరలు ఏడాదికేడాది మారిపోతాయి. పై ఊళ్లలో కార్డు పనిచేస్తాదని నమ్ముకోవద్దు, కిందనే నోట్లు తీసిపెట్టుకోండి. ఉల్లికారం సీసాని మటుకు చెకిన్ బ్యాగులో వేసి రెండు కవర్లు చుట్టండి, మాది విమానంలో కారి మా మేడమ్ బట్టలన్నీ కంపు కొట్టినాయి.